ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్‌తో ఉద్యోగాలు పోతాయా?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని, కోపం తగ్గుతుందేమోనని నాలుగు రోజులు ఆగి మళ్లీ చదివాను. తగ్గలేదు. సాఫ్ట్‌వేర్ ఊరికే పంచితే కంపెనీలు మూతపడి మన పిల్లల ఉద్యోగాలు పోతాయట! రాసినాయన చేతిలోది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని లోపల ఉన్నది లినక్సే, అంటే విండోస్ లాగా యంత్రాన్ని నడిపించే, ఊరికే పంచే సాఫ్ట్‌వేరే అని ఆయనకు ఒకసారి చెప్పండి.

హన్మకొండ చౌరస్తా దగ్గర ఇరవై రెండేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఒకప్పుడు అందరిలాగే సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ వేసుకున్నవాణ్నే, దాచేదేముంది. తర్వాత బుద్ధొచ్చి నెలనెలా చందా కట్టాను. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో కార్డు గడువు తీరి ఒక నెల కట్టలేకపోతే, నేను చేసిన శుభలేఖే నాకు తెరుచుకోలేదు, పెళ్లికూతురి తండ్రేమో ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఇంక్‌స్కేప్, గింప్, లిబ్రేఆఫీస్ అనే ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్‌లతో నడుస్తోంది. మొదటి రెండు నెలలు చుక్కలు కనిపించిన మాట నిజమే. కానీ ఎక్కడికో పోయే ఆ చందా డబ్బులు ఇప్పుడు సిస్టమ్‌లు చూసే కాజీపేట అబ్బాయి జీతంలోకి పోతున్నాయి. అది ఉద్యోగం కాదా?

కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన దగ్గర కంప్యూటర్ విద్య అంటే విండోస్, ఎంఎస్ ఆఫీస్. తీరా సర్వర్ల ఉద్యోగానికి వెళితే లినక్స్ వచ్చా అని అడుగుతారు, అప్పుడు అమీర్‌పేటలో హాస్టల్‌కీ కోచింగ్‌కీ కట్టాలి. మడికొండలో ఐటీ పార్కు ఉందని మురిసిపోవడమే మనకు మిగిలింది.

ఇక అధికారులు. ప్రభుత్వ ఆఫీసుల్లో ముందుగా ఓపెన్ సోర్స్‌నే, అంటే లినక్స్‌లా లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌నే చూడాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది, అది ఏ బీరువాలో ఉందో. మొన్న ఒక ఆఫీసు నుంచి ప్రింట్‌కు సర్క్యులర్ తెచ్చారు, ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించేలా చేసే యూనికోడ్ పద్ధతి కాని పాత ఫాంట్‌లో కొట్టింది. తెరిస్తే తెలుగుకు బదులు అన్నీ పిచ్చి గీతలు. ఆ ఫాంట్ కొనుక్కోమని సలహా కూడా ఇచ్చారు! పోతన పేరుతోనే ఉచిత యూనికోడ్ ఫాంట్ ఉంది, ఆయన ఊరు బమ్మెర పక్కనే ఉన్న మనకే దాని సంగతి పట్టదు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సపోర్ట్ ఆగిందని మా వాడ బడిలో కంప్యూటర్లు మూలన పడేశారు. లినక్స్ వేసి పైసా తీసుకోకుండా నడిపించి ఇస్తానని హెడ్‌మాస్టర్ గారిని అడిగాను. కొత్తవాటి టెండర్ అయ్యాక చూద్దామన్నారు.

ఒక డీటీపీ సెంటర్ యజమాని,
హన్మకొండ