మహారాణిపేటలో మాకు దారి చూపిన అమ్మకు కృతజ్ఞతలు

మామగారి షుగర్ పరీక్షకు వెళ్లినప్పుడు మా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దావిడకు నమస్కారాలు. అమ్మా, మీ పేరు తెలియదు కాబట్టి అందరి ముందూ ఇలా చెప్పుకుంటున్నాను.

మా ఆడపడుచు కూతురు సెలవులకు అమెరికాలోని కనెక్టికట్ నుంచి విశాఖ వచ్చింది. కొద్ది రోజులకే మూతి వంకరపోయింది, కుడి కన్ను మూతపడటం లేదు. గాలి సోకిందని, పసరు పోయిస్తే చాలని అత్తగారూ మామగారూ పట్టుబట్టారు. ఆడపడుచు ఫోనులో ఏడ్చి చెప్పినా వినలేదు.

మీరు వాళ్లను తప్పుపట్టలేదు. “పాప అక్కడ పొదల్లో, గడ్డిలో ఆడుతుందా వదినగారూ?” అని అడిగి, పాత ఫొటోలు చూపించమన్నారు. ఒక ఫొటో దగ్గర మీ వేలు ఆగింది. మోకాలి వెనుక ఎర్రటి వలయం, దాని నడుమ మరో ఎర్రమచ్చ. పిడుదు కుట్టడం వల్ల వచ్చే లైమ్ వ్యాధి కావచ్చన్నారు. మన వైపు అరుదు గనుక నిపుణుడికి ఆ ఫొటో, ప్రయాణం సంగతి తప్పక చెప్పాలన్నారు. తొలి వారాల్లో రక్తపరీక్షలో బయటపడకపోవచ్చనీ హెచ్చరించారు. అత్తగారి చెయ్యి పట్టుకుని, “ఇది బ్యాక్టీరియా, నరాలకు పాకుతుంది. యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది, ఆలస్యం చేయకండి” అన్నారు. ఎంత మర్యాదగా చెప్పారో! మామగారు మారుమాట లేకుండా ఆటో పిలిచారు.

పిల్లల నరాల నిపుణుడు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. పాప కోలుకుంది. అత్తగారు మీకు చీర పెట్టాలని తీసి ఉంచారు. ఇది చదివితే దయచేసి కబురు చేయండి.