2025–26 వార్షిక నివేదిక: మన ఫుట్‌బాల్ క్లబ్బు ముగింపు, తక్కిన పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ నివేదికలో మోరీలు, వీధి దీపాలు, బోరు మోటారు ముందు వస్తాయి. ఆటల సంగతి ఆఖర్న రెండు ముక్కల్లో ముగుస్తుంది. ఈసారి వరుస మార్చాను. ఈ ఏడాది మన కాలనీ సంఘం చేసిన పనుల్లో మనసుకు అన్నిటికన్నా కష్టమైనది, 2022 నుంచి నడిపిన ఫుట్‌బాల్ క్లబ్బును మూసేయడం. చందా ఇవ్వని ఇల్లు లేదు గనుక ఏం జరిగిందో ప్రతి ఇంటికీ చెప్పవలసి ఉంది.

తక్కినవి క్లుప్తంగా. మూడో వీధి మోరీ పూర్తయింది. బోరు మోటారు రెండుసార్లు కాలితే రివైండింగ్ చేయించాం. వినాయక చవితి, బతుకమ్మ ఎప్పటిలాగే అందరి సాయంతో బాగా జరిగాయి. కుక్కల బెడద మీద పెట్టిన అర్జీ ఇంకా నడుస్తోంది, వదిలిపెట్టలేదు.

ఇక క్లబ్బు.

2022 మార్చి 20, ఆదివారం రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గోవాలోని ఫతోర్దాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. కమ్యూనిటీ హాలు గోడకు తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టాం. కేరళ బ్లాస్టర్స్ ముందు గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హైదరాబాద్ 3–1తో కప్పు గెలిచింది. ఆ రాత్రి హాలు ముందు ఎగిరిన పిల్లలే తెల్లారి గ్రౌండుకు పోయి, రెండు ఇటుకలు గోల్‌గా పెట్టుకొని ఆడటం మొదలుపెట్టారు. ఆ వేసవిలోనే మనం క్లబ్బు పెట్టాం.

మన పాలమూరు ఎర్ర చెలక సంగతి తెలిసిందే. ఒక వాన పడితే ఒక వరుస రాళ్లు పైకి తేలుతాయి. మొదటి నెలంతా ఆట కంటే రాళ్లు ఏరడమే ఎక్కువ. గోల్ పోస్టులు మెట్టుగడ్డలో జీఐ పైపులతో వెల్డింగ్ చేయించాం, 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు, కొలత ఒక వేలు కూడా తప్పలేదు. మైదానం గీతలు మాత్రం మా మగవాళ్లకు చేతకాలేదు. నడిమి వలయం 9.15 మీటర్ల వ్యాసార్ధంతో గీయాలి, మేం గీస్తే గుమ్మడికాయలా వచ్చింది. రెండో వీధి అక్కలు వచ్చి మధ్యలో మేకు కొట్టి, తాడు కట్టి, వంగి ముగ్గు పోసుకుంటూ ఒక్క చుట్టులో గుండ్రంగా తెచ్చారు. ఆ తర్వాత మన గ్రౌండులో ఏ మ్యాచ్ జరిగినా గీతలు వాళ్లవే. ఇంతకుముందు నివేదికల్లో ఈ మాట రాయకపోవడం నా పొరపాటు.

శిక్షణ మన రిటైర్డ్ పీఈటీ సార్ చూశారు, ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆయనకు సయ్యద్ అబ్దుల్ రహీం అంటే ప్రాణం. హైదరాబాద్‌లో బడిపంతులుగా మొదలై, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకం తెచ్చిన కోచ్ ఆయన. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానం దాకా తీసుకుపోయారు. రహీం సాబ్ తన పిల్లలతో బలం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టించేవారట. మన సార్ కూడా శుక్రవారాలు ఎడమ కాలి రోజని పెట్టారు. ఎడమ కాలితో బంతి ఎటు పోతుందో తెలియక పిల్లలు ఒకరి మీద ఒకరు పడేవాళ్లు. ఆరు నెలలకు అదే కాలితో కార్నర్లు వేశారు.

హైదరాబాద్‌లో కింది డివిజన్ లీగ్‌లో చేరడానికి ఆట కంటే కాగితాలే ఎక్కువ కష్టపెట్టాయి. వయసు రుజువు కావాలి. మన పిల్లల్లో ఆరుగురికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంది, బడి సర్టిఫికెట్‌లో ఇంకోటి. అవి సరిచేయించడానికే ఒక సీజన్ పోయింది. మొదటి గెలుపు రెండో ఏడు వచ్చింది, 2–1. తిరుగుదారిలో షాద్‌నగర్ దగ్గర తుఫాన్ బండి ఆపి అందరికీ చాయ్ తాగించిన డ్రైవర్ ఆ రోజు కిరాయిలో సగమే తీసుకున్నాడు.

నడక తప్పింది మూడో ఏడు నుంచి. జెర్సీలకు, ప్రయాణాలకు డబ్బిస్తామన్న ఒక వ్యాపార సంస్థ మొదటి విడత ఇచ్చి ఆగిపోయింది. అయితే క్లబ్బు ఆ డబ్బు వల్ల మూతపడలేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. చందాలతో అది తట్టుకునేవాళ్లం. పిల్లలు ఊళ్లో లేకుండా పోయారు. ఇద్దరు పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీల్లో షిఫ్టులకు చేరారు. ఒకడు మేస్త్రీ వెంట పుణె పోయాడు. ముగ్గురు కానిస్టేబుల్ కోచింగ్‌కు హైదరాబాద్‌లో రూములు తీసుకున్నారు. వాళ్లలో ఎవరినీ తప్పు పట్టే హక్కు మనకు లేదు. ఇల్లు గడవాలి.

చివరి మ్యాచ్ గురించి కొందరు సభ్యులు అడిగారు. గత నవంబరులో ఒక ఆదివారం, తెల్లవారుజామున 4 గంటలకు చౌరస్తాలో బండి ఆగింది. పదిహేను మందికి ఫోన్లు చేస్తే ఎనిమిది మంది వచ్చారు. ఒక తల్లి ఫోన్ ఎత్తి, "సార్, పిలగాడు ఇప్పుడే నైట్ డ్యూటీ దిగొచ్చి పండుకున్నడు. లేపమంటే లేపుత" అన్నది. లేపొద్దమ్మా అన్నాను.

నియమాల ప్రకారం ఒక జట్టులో ఏడుగురి కంటే తక్కువుంటే ఆట మొదలుకాదు, నడుమ తగ్గితే ఆగిపోతుంది. ఎనిమిది మందితో దిగాం. రెండో సగం మొదట్లోనే లెఫ్ట్ బ్యాక్ మడమ తిరిగింది. ఏడుగురు మిగిలారు. ఇంకొకరు బయటికి వస్తే మ్యాచ్ అక్కడితో సరి. కాసేపటికి గోల్‌కీపర్‌కు తొడ పట్టేసింది. నేను గీత బయట నిలబడి వచ్చేయమని చెయ్యి ఊపాను. వాడు తల అడ్డంగా ఊపి, పోస్టు పట్టుకొని నిలబడ్డాడు. 6–0తో ఓడాం. చివరి విజిల్ దాకా ఏడుగురూ మైదానంలోనే ఉన్నారు. అవతలి జట్టు పిల్లలే ముందు పరుగెత్తుకొచ్చి వీళ్లకు నీళ్ల సీసాలిచ్చారు. తర్వాతి వారం కార్యవర్గం కూర్చొని లీగ్ నుంచి తప్పుకుంటున్నట్టు ఉత్తరం రాసింది.

పట్నం జట్లే నిలవలేదు, మనమెంత అని ఒక పెద్దాయన సమావేశంలో అన్నారు. నిజమే, 2015లో పుట్టిన ఫతే హైదరాబాద్ ఐ-లీగ్ రెండో డివిజన్ ఆడి కొన్నేళ్లకే కనపడకుండా పోయింది. మనకు ఆ రాత్రి కప్పు చూపించిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. కానీ అంతకుముందు ఇంకో జట్టుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. అందులో ఆటగాళ్లకు పోలీసు కొలువుండేది. జీతం ఊళ్లోనే వచ్చేది, పొద్దున ఆట, తర్వాత డ్యూటీ. మన పిల్లలకు మహబూబ్‌నగర్‌లోనే, ఆదివారం సెలవున్న కొలువులు పదిహేను దొరికి ఉంటే నేను ఈ నివేదిక వేరేగా రాసేవాణ్ని. మళ్లీ ఎప్పుడైనా క్లబ్బు పెట్టాలనుకునేవాళ్లు స్పాన్సర్ కోసం తిరిగే ముందు, ఊళ్లో దుకాణాలు, షోరూములు, ఆస్పత్రులు నడిపే మన సభ్యులతో ఈ సంగతి మాట్లాడాలని నా మనవి.

సామాను సంగతి. గోల్ పోస్టులు, వలలు, నాలుగు బంతులు, పంపు దగ్గరి ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకు ఇచ్చాం. అక్కడ ఆడపిల్లలు ఆడుతున్నారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి గుగులోత్ సౌమ్య దేశం తరఫున ఆడేదాకా పోయింది, వాళ్లకు ఆ పేరు తెలుసు. పోస్టులు పీకిన గుంతలు పూడ్చి నీళ్లు కొట్టించాం. జెర్సీలు ఎవరివి వాళ్లే ఉంచుకోవచ్చు.

ఒక్క బాకీ మిగిలింది. తుఫాన్ డ్రైవర్‌కు చివరి మూడు ప్రయాణాల కిరాయి ఇవ్వాలి. ఆయన ఇంతవరకు ఒక్కసారి కూడా అడగలేదు. క్లబ్బు ఖాతాలో డబ్బు లేదు. వినాయక చవితి లడ్డూ వేలంలో మిగిలిన సొమ్ములోంచి అది కట్టేద్దామని కార్యవర్గం అనుకుంటోంది. దేవుడి డబ్బు ఆటకెందుకని కొందరికి అభ్యంతరం ఉన్నట్టు తెలిసింది, అందుకే మీ అనుమతి లేకుండా ముట్టుకోలేదు. సర్వసభ్య సమావేశంలో మొదటి అంశంగా దీన్నే పెడుతున్నాం. దయచేసి అందరూ వచ్చి చెయ్యెత్తి ఆమోదించండి.

మీ
కార్యదర్శి