కారు అద్దె సంగతి తర్వాత, ముందు ఎక్సెస్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

విదేశీ యాత్రల వ్యాసాల్లో కారు సంగతి సాధారణంగా ఒక్క వాక్యంలో తేలిపోతుంది: “అక్కడ కారు అద్దెకు తీసుకుంటే నచ్చిన చోటల్లా ఆగుతూ వెళ్లొచ్చు.” మాట నిజమే. తాళం చేతికి రావడానికి ముందు పెట్టే సంతకం గురించి మాత్రం ఎవరూ రాయరు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి, వెనక పదిమంది వరసలో నిలబడి ఉండగా, చిన్న తెర మీద వేలితో గీసే సంతకం అది. ఊహించని ఖర్చుల్లో చాలావాటికి మొదలు అక్కడే. అందుకే చూడాల్సిన ప్రదేశాల జాబితా పక్కన ఈ సంగతులకూ కొంచెం చోటివ్వండి.

బుకింగ్ సైట్లు కార్లను రోజు అద్దెను బట్టి, చౌకవి ముందు పెట్టి చూపిస్తాయి. పైనున్నదాన్ని నొక్కేయడమే మొదటి పొరపాటు. పోల్చాల్సిన అంకె ఎక్సెస్. అంటే, కారుకు నష్టం జరిగితే అందులో మీరు భరించాల్సిన గరిష్ఠ మొత్తం. అద్దెలోనే ‘కొలిజన్ డ్యామేజ్ వేవర్’ (కారుకు జరిగే నష్టంలో మీ బాధ్యతను తగ్గించే ఏర్పాటు) కలిసి ఉందని చదివి చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది ఉన్నా ఎక్సెస్ ఉంటుంది. ఎక్సెస్ 1,500 యూరోలు అనుకుందాం. సొట్ట తీయడానికి 400 అయితే ఆ 400 మీరే కడతారు. 6,000 అయితే 1,500 మీరు కడతారు, మిగతాది అద్దె కంపెనీ చూసుకుంటుంది. పార్కింగ్‌లో పడే గీతలు, సొట్టలు ఎక్కువగా ఎక్సెస్ లోపే ఉంటాయి కాబట్టి, వాటి వరకు బీమా ఉన్నా లేనట్టే.

కారు ఇచ్చేటప్పుడు దాదాపు ఈ ఎక్సెస్‌కు సరిపడా మొత్తాన్ని మీ క్రెడిట్ కార్డు మీద డిపాజిట్‌గా బ్లాక్ చేస్తారు. డబ్బు కట్ కాదు గానీ, ఆ మేరకు లిమిట్ వాడుకోవడానికి ఉండదు. కారు తిరిగిచ్చాక అది విడుదలవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. హోటళ్లకూ అదే కార్డు వాడదామనుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. పైగా కార్డు ప్రధాన డ్రైవర్ పేరుతోనే ఉండాలి. నడిపేది భార్య, కార్డు భర్తది అంటే చాలా చోట్ల కుదరదు. డెబిట్, ప్రీపెయిడ్ కార్డులను చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఒప్పుకున్నవి చాలాసార్లు తమ పెద్ద బీమా కొనాలని షరతు పెడతాయి. లిమిట్ చాలకపోతే కారు ఇవ్వరు. ముందే కట్టిన అద్దె తిరిగి వస్తుందన్న నమ్మకమూ లేదు.

ఇది తెలిస్తే కౌంటర్ వెనక మనిషి చేసే బేరం అర్థమవుతుంది. రోజుకు ఇంత అదనంగా కడితే ఎక్సెస్ సున్నా, డిపాజిట్ కూడా నామమాత్రం అంటాడు. కొందరు దీన్ని మోసం అంటారు. మోసం కాదు, ఖరీదైన సరుకు. అదే ఎక్సెస్‌ను తిరిగి ఇచ్చే పాలసీలను బయటి బీమా కంపెనీలూ అమ్ముతాయి, సాధారణంగా చాలా తక్కువ ధరకు. కాకపోతే బయటి పాలసీ ఉన్నంత మాత్రాన కౌంటర్ దగ్గర డిపాజిట్ తగ్గదు. నష్టం జరిగితే ముందు మీరు కట్టి, తర్వాత ఒప్పందం కాపీ, నష్టం నివేదిక, రసీదు, కార్డు స్టేట్‌మెంట్ అన్నీ జతచేసి క్లెయిమ్ పెట్టుకోవాలి. లిమిట్ పుష్కలంగా ఉండి, కాగితాలు దాచే ఓపిక ఉన్నవాళ్లకు బయటిదే మేలు. ఆ రెండూ లేనివాళ్లు కౌంటర్‌లోదే కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఇంటి దగ్గర ఒకటి కొని, అక్కడికి వెళ్లాక భయపడి రెండోది కొనడం మాత్రం దండగ.

“పూర్తి బీమా” అన్న మాట వినగానే ఏవి అందులో లేవో అడగండి. టైర్లు, రిమ్ములు, అద్దాలు, కారు పైకప్పు, అడుగుభాగం, పోయిన తాళం, తప్పు ఇంధనం వల్ల జరిగిన నష్టం చాలా పాలసీల్లో బయటే ఉంటాయి. కారు మరమ్మతులో ఉన్న రోజులకు అద్దె నష్టం కింద వేసే రుసుము ఇంకొకటి. జపాన్‌లో దీన్ని నాన్ ఆపరేషన్ చార్జీ అంటారు. బీమా ఉన్నా ఇది పడుతుంది, తప్పించుకోవాలంటే విడిగా ఇంకో చిన్న పథకం కొనాలి. ఐస్‌లాండ్‌లో కంకర దెబ్బలకు, ఇసుక, బూడిద తుఫానులకు వేరువేరు బీమాలు అమ్ముతారు. ఎన్ని కొన్నా గాలికి విరిగిన తలుపు బాధ్యత సాధారణంగా మీదే. అక్కడ కారును గాలికి ఎదురుగా ఆపి, తలుపును చేత్తో గట్టిగా పట్టుకుని తెరవడం ఒక్కటే విరుగుడు. అక్కడి కొండదారుల్లో పేరు ముందు ‘ఎఫ్’ అక్షరం ఉన్నవాటి మీదకు ఫోర్ వీల్ డ్రైవ్ కాని కారు తీసుకెళ్లకూడదు. వాగు దాటుతూ నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్తే, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సాధారణంగా బీమా ఇవ్వరు.

ఇదంతా మీ కారుకు జరిగే నష్టం గురించి. అవతలివాళ్లకు జరిగే నష్టం వేరే లెక్క. యూరప్ దేశాల్లో థర్డ్ పార్టీ బీమా అద్దెలో తప్పనిసరిగా ఉంటుంది. అమెరికాలో మాత్రం అది తగినంత ఉంటుందని అనుకోవడానికి లేదు. బుకింగ్ కాగితంలో ‘లయబిలిటీ’ అనే మాట, దాని ఎదురుగా ఉన్న అంకె చూసుకుని, చాలకపోతే పెంచుకోండి. సొట్టకు పోయేది కొంత మొత్తమే. మనిషికి దెబ్బ తగిలితే అక్కడి ఆసుపత్రి ఖర్చు జీవితాంతం తీరని అప్పవుతుంది.

పైవన్నీ ఉన్నా, ఒప్పందంలో పేరు లేని మనిషి స్టీరింగ్ పట్టుకుంటే బీమా మొత్తం చెల్లదు. “కాసేపే కదా” అని అన్నగారో బావగారో నడపడం ఇందుకే ప్రమాదం. అదనపు డ్రైవర్‌కు రుసుము కట్టి పేరు రాయించండి. 25 ఏళ్లు నిండనివాళ్లకు విడిగా అదనపు రుసుము ఉండటం మామూలే. దేశం సరిహద్దు దాటాలంటే ముందుగా అనుమతి రాయించుకోవాలి.

లైసెన్సు విషయానికొస్తే, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కొత్త లైసెన్సేమీ కాదు, ఉన్న లైసెన్సుకు అధికారిక అనువాదం. ఒరిజినల్ పక్కన లేకపోతే చెల్లదు. మీ లైసెన్సు ఏ దేశం ఇచ్చిందో ఆ దేశంలోనే, బయలుదేరక ముందే తీసుకోవాలి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే పర్మిట్ గడువు ఏడాది. 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేదానికి మూడేళ్ల దాకా ఉంటుంది. ఏ నమూనా అన్నది పట్టించుకోవాల్సిన విషయమే. జపాన్ 1949 నమూనాను మాత్రమే ఒప్పుకుంటుంది, చైనా ఏ నమూనానూ ఒప్పుకోదు. ప్రపంచమంతా పదేళ్లు చెల్లుతుందంటూ ఆన్‌లైన్‌లో అమ్మే కార్డులు వట్టి ప్లాస్టిక్ ముక్కలు.

కారు రకం ఎంచుకునేటప్పుడు బొమ్మను నమ్మొద్దు. “లేదా ఇలాంటిదే” అని కింద రాసి ఉంటుంది. నమ్మదగ్గది కారు రకాన్ని చెప్పే నాలుగు అక్షరాల కోడ్. ఉదాహరణకు ఈసీఎమ్ఆర్‌లో మూడో అక్షరం ఎమ్, అంటే గేర్ల కారు. అక్కడ ‘ఏ’ ఉంటే ఆటోమేటిక్. యూరప్‌లో ప్రత్యేకంగా అడగకపోతే గేర్ల కారే రావచ్చు. రోడ్డు మీద నడిపే పక్క మారే దేశానికి వెళ్తుంటే ఖర్చు ఎక్కువైనా ఆటోమేటిక్ తీసుకోవాలని నా సలహా. కొత్త పక్క, కొత్త గుర్తులు, పైగా రెండో చేత్తో గేర్లు అంటే మెదడుకు మోయలేని బరువు.

తాళం తీసుకున్నాక కారును పావుగంట చూడండి. చుట్టూ ఆపకుండా వీడియో తీసి, నాలుగు రిమ్ములు, టైర్ల పక్కగోడలు, ముందు అద్దం, బంపర్ల కింది అంచు, పైకప్పు విడిగా ఫోటోలు తీయండి. కిలోమీటర్ల అంకె, ఇంధనం ముల్లు కూడా. కారు తడిగా ఉంటే గీతలు కనపడవు, ఒక గుడ్డతో తుడిచి చూడాలి. చీకట్లో అయితే ఫోన్ టార్చ్‌ను రేకుకు ఏటవాలుగా పట్టుకుంటే సొట్టలు తేలతాయి. కాగితంలో లేని గీత కనిపిస్తే గేటు దాటకముందే రాయించాలి. డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూడండి. చాలా కొత్త కార్లలో దాని బదులు జిగురు సీసా, గాలి పంపు ఇస్తున్నారు. మేకు గుచ్చుకుంటే అది పనికొస్తుంది, టైరు పక్కగోడ కోసుకుపోతే పనికిరాదు. స్టెప్నీ ఉంటే జాకీ, పాన కూడా ఉండాలి. చక్రానికి లాకింగ్ నట్టు (మామూలు పానకు ఊడని నట్టు) ఉంటే దాన్ని విప్పే చిన్న తొడుగూ ఉండాలి. ఆ తొడుగు లేకపోతే మిగతావన్నీ ఉన్నా చక్రం ఊడదు.

ఇక రోడ్డు. ఎడమ పక్క అలవాటైనవాళ్లు కుడి పక్కకు వెళ్లినా, అటువాళ్లు ఇటు వచ్చినా తప్పు జరిగేది రద్దీలో కాదు. రద్దీలో ముందు కారును చూసి వెళ్తాం. ఖాళీ రోడ్డు మీద, బంకులోంచి బయటికి వచ్చేటప్పుడు, ఫోటో కోసం ఆగి మళ్లీ బయలుదేరేటప్పుడు, తెల్లవారుజామున పాత అలవాటు చేతుల్లోకి వచ్చేస్తుంది. ఒక్క కొండగుర్తు చాలు: ఆ దేశపు కారులో డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు మధ్య గీత పక్కన ఉండాలి. మీరు అంచు పక్కన ఉన్నారంటే తప్పు దారిలో ఉన్నట్టే. ఇంకోటి, సీటు మారిన డ్రైవర్ తెలియకుండానే కారును పక్క సీటు వైపు జరిపేస్తాడు. అందుకే ఆ వైపు రిమ్ములు కాలిబాట రాళ్లకు గీసుకుపోతాయి, ఆ వైపు అద్దం విరుగుతుంది. బీమాలో లేనివీ అవేనని పైన చెప్పాను. పెడల్స్ వరస మారదు. ఇండికేటర్ బదులు వైపర్ తిరగడం మాత్రం మొదటి రోజంతా తప్పదు, నవ్వుకుని సాగిపోవచ్చు.

ఎడమ పక్క నడిపే దేశాల్లో రౌండబౌట్ చుట్టూ గడియారం ముల్లు దిశలో తిరగాలి, కుడి పక్క దేశాల్లో దానికి ఎదురు. సాధారణంగా లోపల తిరుగుతున్నవాళ్లదే ముందు హక్కు. ఫ్రాన్స్‌లో, బెల్జియంలో గుర్తు ఏదీ లేని కూడలిలో కుడి పక్క సందులోంచి వచ్చే బండికి దారివ్వాలి, మీది ఎంత వెడల్పు రోడ్డైనా సరే. పసుపు డైమండ్ గుర్తు కనిపిస్తే మీ రోడ్డుకు ప్రాధాన్యం, దాని మీద నల్ల గీత పడితే అది ముగిసింది. అమెరికాలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న చోట ముందు వచ్చి ఆగినవాళ్లు ముందు కదులుతారు. ఎర్ర లైటు దగ్గర పూర్తిగా ఆగి కుడికి తిరగడం అక్కడ చాలా చోట్ల కుదురుతుంది, న్యూయార్క్ నగరంలో అలా తిరగొచ్చని బోర్డు ఉంటే తప్ప కుదరదు. డివైడర్ లేని రోడ్డు మీద స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాలి. జపాన్‌లో రైలు గేటు ఎత్తి ఉన్నా పట్టాల ముందు పూర్తిగా ఆగి వెళ్లాలి. బ్రిటన్‌లో బోర్డుల మీది వేగం మైళ్లలో: 70 అంటే దాదాపు 112 కిలోమీటర్లు.

ఇటలీ నగరాల పాత వీధుల్లో ‘జడ్‌టీఎల్’ అనే పరిమిత ప్రవేశ ప్రాంతాలుంటాయి. ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రటి బోర్డు, పైన కెమెరా. అనుమతి లేకుండా లోపలికి వెళ్తే చలానా. మ్యాప్ యాప్ అక్కడికే దారి చూపిస్తే అది సాకు కాదు. హోటల్ లోపలే ఉంటే, నంబర్ ప్లేటు నమోదు చేస్తారేమో ముందు రోజే అడగాలి. విదేశంలో ఉండేవాళ్లకు ఆ చలానా పంపడానికి చట్టం 360 రోజుల గడువిస్తుంది. యాత్ర మరచిపోయాక ఉత్తరం వస్తుంది. మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె కంపెనీ వేసే రుసుము అంతకుముందే కార్డు మీద పడి ఉంటుంది. స్విట్జర్లాండ్ మోటర్‌వేలకు ఏడాది స్టిక్కరు లేదా దాని ఎలక్ట్రానిక్ రూపం ఉండాలి, ధర 40 ఫ్రాంకులు, తక్కువ రోజులకు విడిగా దొరకదు. అక్కడి అద్దె కార్లకు ఉంటుంది, పక్క దేశంలో తీసుకున్న కారుకు లేకపోవచ్చు.

బంకులో గొట్టం రంగును నమ్మకండి. యూరప్‌లో ఆకుపచ్చ పిడి అంటే సాధారణంగా పెట్రోలు, అమెరికాలో చాలా చోట్ల అదే రంగు డీజిల్‌ది. మూత లోపల ఉన్న గుర్తు చూడాలి: యూరోపియన్ యూనియన్‌లో గుండ్రటి గడిలో ఈ5, ఈ10 ఉంటే పెట్రోలు, చతురస్రంలో బీ7 ఉంటే డీజిల్. డీజిల్ కారులో పెట్రోలు పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, తాళం కూడా తిప్పకండి. ఇంజిన్‌కు ఇంధనాన్ని నెట్టే హై ప్రెషర్ పంపుకు జిడ్డు ఇచ్చేది డీజిలే. పెట్రోలు వెళ్తే ఆ పంపు అరిగి, ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. కదపకుండా ఆపితే ట్యాంకు ఖాళీ చేయించే ఖర్చుతో పోతుంది.

ప్రమాదం చిన్నదైనా పోలీసు నివేదిక నంబరు తీసుకోండి. జపాన్‌లో పోలీసులకు చెప్పకపోతే బీమా రాదు. యూరోపియన్ యూనియన్ అంతటా అత్యవసర నంబరు 112. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద తప్పు మీదేనని ఒప్పుకుంటూ సంతకం చేయొద్దు.

తిరిగిచ్చేటప్పుడు ఆఫీసు తెరిచి ఉన్న సమయానికే వెళ్లండి. రాత్రి తాళం పెట్టెలో వేసి వెళ్తే, మర్నాడు వాళ్లు చూసేదాకా కారు బాధ్యత మీ మీదే ఉండిపోతుంది. నిండు ట్యాంకుతో తీసుకుని నిండుగానే తిరిగిచ్చే ఒప్పందమైతే దగ్గరి బంకులో నింపి రసీదు ఉంచుకోండి. మళ్లీ వీడియో తీసి, కొత్త నష్టం లేదని రాసిన కాగితం అడగండి. బిల్లు కట్టేటప్పుడు మెషిన్ మీ సొంత కరెన్సీలో కట్టమని అడిగితే వద్దని అక్కడి కరెన్సీయే నొక్కండి, లేకపోతే వాళ్ల మారకపు రేటు పడుతుంది. డిపాజిట్ విడుదలయ్యేదాకా ఫోటోలు చెరపొద్దు. కారు తెరలోంచి మాత్రం మీ ఫోన్ పేరు, కాంటాక్టులు, మీరు వెతికిన చిరునామాలు దిగేముందే చెరిపేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు