వార్షిక నివేదిక 2024–25: చెరువు అంచు, తుంగ, మన వాదనలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, పిల్లల తెలుగు తరగతులు, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. ఈ ఏడాది పని, గొడవ రెండూ చెరువు దగ్గరే ఎక్కువ.

చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేలకు 2022లో రామ్‌సర్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది. మన వీధి చివరి చెరువుకు అలాంటి అండ ఏదీ లేదు. దాని ఉత్తర అంచున రకరకాల తుంగలున్నాయి. చూడ్డానికి గడ్డిలాగే ఉంటాయి గానీ, కాడను వేళ్ల మధ్య తిప్పితే చాలావాటికి మూడు పలకలు తగులుతాయి, కణుపులుండవు. "తుంగను కాపాడటమేమిటి?" అని పల్లెల్లో వ్యవసాయం చేసి వచ్చిన మన పెద్దలు నవ్వారు. న్యాయమైన ప్రశ్నే. పొలం తుంగకు మన సాయం అక్కర్లేదు, దుంప మిగిలితే చాలు మళ్లీ లేస్తుంది. చెరువు అంచు రకాలు అంత మొండివి కావు. ఈశాన్య రుతుపవనాల నీరు జనవరి తర్వాత మెల్లగా తగ్గి తడి బురద బయటపడితేనే వాటి గింజలు బాగా మొలుస్తాయి. మురుగు చేరి ఏడాది పొడవునా నీరు ఒకే మట్టంలో నిలిస్తే ఆ బురద పైకి తేలదు, జమ్ము కమ్మేస్తుంది. గట్టును నిలువుగా చెక్కి రాళ్లు పేరిస్తే ఇక అంచే ఉండదు.

అందుకే రాతి కట్టడం ఉత్తరం వైపు వద్దని అర్జీ పెట్టాం. ప్రస్తుతానికి పని ఆగింది. మురుగు కాలువ మళ్లించమన్న అర్జీకి మాత్రం ఇంకా జవాబు లేదు. జమ్మును, గుర్రపు డెక్కను ఆదివారాలు చేతులతోనే తీశాం. అక్టోబరు వానలకు మునుగుతాయన్న భయంతో జనం కార్లను వేళచ్చేరి ఫ్లైఓవర్ ఎక్కించినప్పుడు చెరువు కూడా నిండింది. తుంగకు ఏమీ కాలేదు, నీటితో కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ ఏరడానికే నడుములు పోయాయి. వినాయక చవితికి పిల్లలు గరిక అనుకుని తుంగనే పీక్కొచ్చారు. వచ్చే చవితికి హాల్లో గరిక కుండీలు పెడతాం, పత్రి కోసం దయచేసి చెరువు వైపు పంపకండి.

ఆ అంచునే తప్ప చుట్టుపక్కల మాకెక్కడా కనపడని ఫింబ్రిస్టైలిస్ అనే తుంగ జాతి రకం ఒకటి ఉంది. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్ ఒకరికి చూపిస్తే, "పండిన గింజ లేకుండా పేరు చెప్పను, తీసుకురండి" అని తిప్పి పంపారు. తుంగ కుటుంబంలో పోలికలు చాలావరకు గింజ మీదే తేలతాయట. గింజ పండేదాకా అక్కడ తాడు కట్టి ఉంచాం. ఫొటోలు తీసుకోండి, లొకేషన్ మాత్రం షేర్ చేయొద్దు.

మిగిలింది వాకింగ్ ట్రాక్. ఉత్తరం గట్టు మీదే కావాలని కొందరి పట్టు. రోడ్డు వైపు వేద్దామన్నది కార్యవర్గం మాట. సాయంత్రం ఎండ తగులుతుందన్న అభ్యంతరం నిజమే, అటు చెట్లు పెట్టొచ్చు. సర్వసభ్య సమావేశంలో ఓటు వేసి తేల్చుకుందాం. జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఆ రోజే చూసుకోవచ్చు.

కార్యదర్శి