బొర్రా గుహల శివరాత్రి సేవ: ఈ ఏటి జమా ఖర్చుల వివరణ

మహాశివరాత్రికి బొర్రా గుహల్లో శివయ్య దర్శనానికి వచ్చిన భక్తుల సేవ కోసం చందాలిచ్చిన పెద్దలందరికీ కమిటీ తరఫున నమస్కారం. లెక్క ఇదీ.

జమ: నిరుటి నిల్వ రూ. 6,240, చందాలు రూ. 1,12,500, పందిరి దగ్గర డబ్బాలో పడినవి రూ. 18,765. మొత్తం రూ. 1,37,505.

ఖర్చు: మర్నాటి పారణ భోజనాలకు సరుకులు, గ్యాస్ రూ. 58,400. వంటవాళ్ళకు రూ. 12,000. ఉపవాసం ఉన్నవాళ్ళకు మజ్జిగ, అరటిపళ్ళు రూ. 7,350. టెంటు, మైకు రూ. 8,500. అడ్డాకుల విస్తర్లు రూ. 9,600. తాత్కాలిక మరుగుదొడ్ల అద్దె రూ. 21,000. చెత్త ఎత్తిన కూలీలు, గోనె సంచులు, వ్యాను కిరాయి రూ. 13,800. మొత్తం రూ. 1,30,650.

మరుగుదొడ్లకు అంతెందుకు, ఆ డబ్బుతో ఇంకో పూట భోజనం పెట్టొచ్చు కదా అని కొందరు అడిగారు. అడగాల్సిందే. అనంతగిరి కొండల్లో ఈ చోటంతా సున్నపురాయి. మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాన నీరు ఆ రాయిని కొంచెం కొంచెంగా కరిగించడం వల్లే గుహ ఏర్పడింది. పైనుంచి బొట్లుబొట్లుగా కారిన నీరు వదిలిన సున్నం పేరుకునే మనం మొక్కే లింగం తయారైంది. ఇసుక నేలైతే నీటిని వడకట్టి కిందికి దింపుతుంది. ఇక్కడ ఆ భరోసా లేదు, పగుళ్ళలోంచి సరాసరి దిగిపోతుంది. గట్టు మీద చేసిన మురికి అలా గోస్తని నదిలో కలుస్తుంది. ఆ నీళ్ళే తాటిపూడి రిజర్వాయరుకు చేరి, విశాఖ కుళాయిల్లోకి వస్తాయి. చందాదారుల్లో చాలామంది విశాఖ వాళ్ళే!

విస్తర్ల సంగతీ అంతే. థర్మోకోల్ ప్లేట్లు చవకే. కానీ నిరుడు గాలికి ఎగిరి రాళ్ళ సందుల్లో ఇరుక్కున్నవాటిని కర్ర చివర మేకు కట్టి ఒక్కొక్కటే లాగాల్సి వచ్చింది. అందుకే ఈసారి ఏజెన్సీ ఊళ్ళ ఆడవాళ్ళ దగ్గర పుల్లలతో కుట్టిన అడ్డాకు విస్తర్లే కొన్నాం. పులుసు కాస్త కారిందని ఒకరిద్దరు విసుక్కున్నారు, నిజమే.

దీపాల కోసమని కొందరు నూనె, కర్పూరం ఇచ్చారు. మసి రాతికి పట్టేస్తుందని వాటిని లోపల వెలిగించలేదు, బయట పందిరిలోనే వెలిగించాం. ఎవరూ నొచ్చుకోవద్దు.

నిల్వ రూ. 6,855 కమిటీ బ్యాంకు ఖాతాలో ఉంది. బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. చందా రసీదు అందనివాళ్ళు కబురు చేస్తే రాసిస్తాం.