ఒక పరమాణువు నుంచి ఇంకో పరమాణువుకి

ఒరే శీనూ,

ఎలా ఉన్నావురా? పోయినసారి ఫోన్లో "క్వాంటం స్థితిని పంపడమంటే కాపీ తీసి పంపడమేగా" అన్నావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని అప్పుడు వదిలేశాను. ఇవాళ తీరిక దొరికింది, కూర్చుని రాస్తున్నా.

కాపీ కాదురా. క్వాంటం స్థితి అంటే పరమాణువు లాంటి చిన్న కణం ఏ తీరులో ఉందో చెప్పే సమాచారమంతా. తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం కుదరదని 1982లోనే వూటర్స్, జురెక్ ఒకవైపు, డీక్స్ ఇంకోవైపు రుజువు చేశారు. అందుకే ఇది ఒక చెంబులో నీళ్ళు ఇంకో చెంబులోకి ఒంపడం లాంటిది. ఇక్కడ ఖాళీ అయితేనే అక్కడ నిండేది. పైగా మధ్యలో ఎవరూ తొంగిచూడకూడదు, చూస్తే స్థితే చెదిరిపోతుంది.

2012లో మ్యూనిక్ దగ్గర గార్చింగ్‌లో, మాక్స్ ప్లాంక్ క్వాంటం ఆప్టిక్స్ సంస్థలో గెర్హార్డ్ రెంపె బృందం ఒక పరమాణువు స్థితిని ఇంకో పరమాణువులోకి ఇలా ఒంపి చూపించింది. రెండు ల్యాబులు, మధ్య 21 మీటర్ల దూరం, కలుపుతూ 60 మీటర్ల ఫైబర్, అంటే కాంతి నడిచే సన్నని గాజు తీగ. ఒక్కో ల్యాబులో ఒకే ఒక్క రుబీడియం పరమాణువు, దానికి అటూ ఇటూ అర మిల్లీమీటరు ఎడంలో రెండు అద్దాలు. అసలు ప్రాణమంతా ఆ అద్దాల్లోనే ఉంది. మామూలుగా పరమాణువు వదిలే ఫోటాన్, అంటే కాంతి రేణువు, ఏ దిక్కుకి పోతుందో చెప్పలేం. అద్దాల మధ్య పెడితే ఎక్కువగా ఫైబర్ వైపుకే వస్తుంది.

లేజర్ పల్స్ పడగానే మొదటి పరమాణువు ఒక ఫోటాన్ వదులుతుంది, పరమాణువు స్థితి ఆ ఫోటాన్ ధ్రువణంలోకి, అంటే కాంతి తరంగం ఊగే దిశలోకి దిగుతుంది. ముందు ఏ స్థితిలో ఉన్నా, పరమాణువు మాత్రం చివరికి ఒకే స్థాయికి చేరుతుంది. ఏం పంపిందో ఆనవాలు కూడా మిగలదు!

అవతలి పరమాణువు దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. ఊరికే వదిలేస్తే ఫోటాన్ అద్దానికి తగిలి వెనక్కి పోతుంది. దీనికి 1997లో సిరాక్, జోలర్, కింబుల్, మబూచి చెప్పిన ఉపాయం ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఫోటాన్ ఆకారం ముందూ వెనకా ఒకేలా ఉండేట్టు మలచాలి. అప్పుడు కాలాన్ని తిప్పి చూసినా అది అదే ఫోటాన్. ఇక రెండో వైపు లేజర్ పల్స్‌ని చివరి నుంచి మొదటికి నడిపితే చాలు, వదలడం కాస్తా పీల్చుకోవడం అయిపోతుంది.

గార్చింగ్‌లో స్థితి 84 శాతం నిక్కచ్చిగా చేరింది. నువ్వనుకున్న కాపీలాగా ఇక్కడ కొలిచి, ఫలితం అక్కడికి చెప్పి మళ్ళీ తయారు చేయిస్తే ఎంత బాగా చేసినా మూడింట రెండు వంతులు దాటదు. 84 అందుకే గొప్ప.

చిక్కల్లా ఫోటాన్ దారిలో పోతే స్థితీ పోయినట్టే, ఇక్కడ ఖాళీ చేసేశాం కదా. అందుకని దూరాలకి వేరే దారి పట్టారు. ముందు రెండు పరమాణువుల మధ్య ఎంటాంగిల్‌మెంట్ కుదుర్చుకుంటారు, అంటే రెండిటి స్థితులూ విడదీయలేనట్టు ముడిపడతాయి, అది ఎన్నిసార్లు తప్పినా నష్టం లేదు. కుదిరాకే ఆ ముడిని వాడుకుని స్థితిని అవతలికి చేరుస్తారు, దాన్నే టెలిపోర్ట్ చేయడం అంటారు. 2013లో రెంపె బృందమే రెండు పరమాణువుల మధ్య 21 మీటర్ల మీద టెలిపోర్ట్ చేసింది. 2022లో మ్యూనిక్ యూనివర్సిటీలో వైన్‌ఫుర్టర్ బృందం 33 కిలోమీటర్ల ఫైబర్ మీద ఎంటాంగిల్‌మెంట్ సాధించింది. రుబీడియం వదిలే 780 నానోమీటర్ల కాంతి ఫైబర్‌లో కిలోమీటరుకే సగానికి పైగా ఆరిపోతుంది, అందుకని దాన్ని 1517 నానోమీటర్లకి మార్చి పంపారు.

ఆ మార్చడం ఎలాగో ఇంకో ఉత్తరంలో రాస్తా. ఈలోపు సందేహాలుంటే రాయి, మొహమాటపడకు. అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ
రఘు