ఎస్పెరాంటో ఏంటో అన్నావుగా

వియన్నా,
ఆదివారం రాత్రి

అమ్మా,

పొద్దున ఫోన్‌లో "ఎస్పెరాంటో... ఏంటో!" అని నవ్వావు చూడు, నాకూ నవ్వొచ్చింది. కానీ వెంటనే "ఉన్న ఊరి భాషే సరిగ్గా రాదు, ఎవరూ మాట్లాడని భాష ఎందుకే నీకు" అన్నావు, అది మాత్రం కాస్త గుచ్చుకుంది. నేనేదో చెప్పబోతుంటే కుక్కర్ కూత వేసిందని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. ఫోన్‌లో నన్ను ఒక్క వాక్యం కూడా పూర్తి చేయనివ్వవు, కాగితం మీదయితే చివరిదాకా చదవక తప్పదు నీకు.

ఏ దేశానికీ సొంతం కాని భాష, అది నిజమే. జామెన్‌హోఫ్ అని ఒక కళ్ల డాక్టరు తయారు చేశాడు. ఆయన 1859లో బియాలిస్టోక్ అనే ఊళ్లో పుట్టాడు, ఇప్పుడది పోలండ్‌లో ఉంది. ఆ ఊళ్లో యిద్దిష్ (అక్కడి యూదుల భాష), పోలిష్, రష్యన్, జర్మన్ మాట్లాడేవాళ్లు పక్కపక్కనే ఉండేవాళ్లు, ఒకళ్లంటే ఒకళ్లకి పడేది కాదు. 1887లో వార్సాలో చిన్న పుస్తకం వేశాడు, 16 రూల్స్‌తో మొత్తం వ్యాకరణం. పుస్తకం మీద సొంత పేరు కాకుండా డాక్టర్ ఎస్పెరాంటో అని పెట్టుకున్నాడు, ఆశ పెట్టుకున్నవాడు అని అర్థం, చివరికి అదే భాషకి పేరైపోయింది. అది చదువుతుంటే నాకు చెన్నైలో మన వెస్ట్ మాంబళం వీధి గుర్తొచ్చింది. కింద అయ్యరు గారు, ఎదురుగా మార్వాడీ వాళ్లు, చివరింట్లో మలయాళీ టీచరు, మేడ మీద మనం. మన వీధిలో ఎవరూ కొత్త భాష కనిపెట్టలేదులే, నువ్వే తమిళం నేర్చేసుకున్నావు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

నాకిది అంటుకున్నది వాన వల్ల. ఇక్కడ హెరెన్‌గాసె అనే వీధిలో గ్లోబుల మ్యూజియం ఉంది, గొడుగు లేక అందులోకి దూరితే అదే బిల్డింగులో ఎస్పెరాంటో మ్యూజియం కూడా కనపడింది, 1927లో మొదలైందట, ఇక్కడి నేషనల్ లైబ్రరీ వాళ్లది. వాన తగ్గేదాకా అక్కడే ఉన్నాను. ఇంటికొచ్చి ఫోన్‌లో పాఠాలు మొదలెట్టాను.

మొదటి రెండు నెలలూ నేనేదో మేధావిననుకున్నానమ్మా. రాసినట్టే పలకడం, మన తెలుగులాగే. నామవాచకం అయితే చివర 'ఓ', విశేషణం అయితే 'ఆ', జరుగుతున్నదయితే 'ఆస్', జరిగిపోయిందయితే 'ఈస్', జరగబోయేదయితే 'ఓస్', ఒక్క క్రియకీ మినహాయింపు లేదు. ఇంగ్లీషు అక్షరం 'సి'ని వీళ్లు 'త్స' అని పలుకుతారు, శాంతిని 'పాత్సో' అంటారు. నాతో పాటు నేర్చుకునే ఇంగ్లండు అమ్మాయి దాన్ని నెల రోజులు 'పాకో' అంటూనే ఉంది, నాకేమో మొదటి రోజే వచ్చేసింది, ఎందుకంటే మనం 'చాప'లో చకారం ఒకలాగా, 'చెల్లి'లో ఇంకోలాగా పలుకుతాం కదా, వీళ్లకి ఆ రెండింటికీ రెండు వేరే అక్షరాలున్నాయి, అంతే. ఇంకోటి విను. ఎక్కడ అంటే 'కీయె', అక్కడ అంటే 'తీయె'. ఎప్పుడు 'కీయామ్', అప్పుడు 'తీయామ్'. ఎలా 'కీయెల్', అలా 'తీయెల్'. ఇలాంటివి మొత్తం 45 మాటలు ఒక పట్టికలో వేసి ఇస్తారు, అందరూ దాన్ని చూసి తల పట్టుకుంటారు. నాకు మాత్రం అది మన 'ఎ'కారం, 'అ'కారం ఆటే అనిపించింది, రెండు రోజుల్లో అయిపోయింది. కర్మకి చివర 'న్' పెట్టడం కూడా అంతే, మనం 'ని' పెట్టమూ?

అన్నీ వచ్చేశాయనుకుని నెలకోసారి ఒక కాఫీ హోటల్లో కలిసే గుంపు దగ్గరికి వెళ్లాను. ఒక పెద్దాయన, పోస్టాఫీసులో రిటైరయ్యాడట, నవ్వుతూ "నిన్న ఏం చేశావు" అని అడిగాడు. అర్థమైంది. సమాధానం కూడా తెలుసు, బట్టలుతుక్కున్నాను, అంతే. కానీ నోరు రాలేదమ్మా. లోపల ముందు తెలుగులో వాక్యం, దాన్ని ఇంగ్లీషులోకి, దాన్ని ఎస్పెరాంటోలోకి, ఆ తర్వాత 'న్' ఎక్కడ పెట్టాలి, 'ఈస్'ఆ 'ఆస్'ఆ అని సరిచూసుకోవడం, ఇదంతా అయ్యేసరికి ఆయన పక్కావిడతో మాట్లాడుతున్నాడు. టెన్షన్‌లో ఇంగ్లీషులో ఏదో అన్నాను. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా "మొసలి! మొసలి!" అన్నారు. ఎస్పెరాంటో వాళ్ల మధ్య ఎస్పెరాంటో వదిలి వేరే భాషలోకి జారిపోతే దాన్ని 'క్రోకోదీలి' అంటారు, మొసలిలా చేయడం అన్నమాట. సరదాకే అంటారు, కానీ ఆ రాత్రి నాకేం సరదాగా అనిపించలేదు.

తర్వాత నాలుగు నెలలు అక్కడే ఆగిపోయాను. చదివితే అర్థమవుతుంది, రాస్తే వస్తుంది, మాట్లాడదామంటే గొంతులో ఏదో అడ్డం. ఇది ఈజీ భాష అంటారు చూడు, అది సగమే నిజం. రూల్స్ ఈజీ, నోరు తిరగడం ఈజీ కాదు. మన పెద్దత్తయ్య హిందీ పరీక్షలు రాష్ట్రభాష దాకా రాసి పాసై, సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి, కాశీలో రిక్షా అబ్బాయితో "కితనా" అని ఆగిపోయి వేళ్లతో చూపించలేదూ? సరిగ్గా నా పరిస్థితి అదే. (అత్తయ్యకి ఈ ముక్క చదివి వినిపించకు.)

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు, నిజంగా. పెళ్లయి నెల్లూరు నుంచి మాంబళం వచ్చిన కొత్తలో నీకు ఒక్క తమిళ ముక్క రాదని నాన్న ఇప్పటికీ చెప్తారు కదా. ఏ పుస్తకం చదివావని? పొద్దున్నే నీళ్ల లారీ దగ్గర బిందెల వరసలో నిలబడి, ముందామె ఏమంటే అది వినేదానివి, నీకొచ్చింది అనేసేదానివి. రంగనాథన్ స్ట్రీట్ చీరల కొట్టులో "అవసరం ఇల్లప్పా" అన్నావట, అక్కర్లేదులే అని నీ ఉద్దేశం, తమిళంలో అవసరం అంటే తొందర అని నీకేం తెలుసు, వాడు "సరి, మెదువా పారుంగమ్మా", నెమ్మదిగానే చూడండమ్మా అని ఇంకో ఇరవై చీరలు పరిచాడట. నువ్వు సిగ్గుపడి నోరు మూసుకున్నావా? మర్నాడు మళ్లీ వెళ్లి అదే కొట్టులో బేరమాడావు. నాకూ ఇక్కడ అలాంటిదే ఒకటి తగిలింది. 'ఫొరెస్తో' అంటే అడవి అనుకుని, మా ఊరి దగ్గర పెద్ద ఫొరెస్తో ఉందని చెప్పాను. దానర్థం లేకపోవడం. అంటే మా ఊరి దగ్గర పెద్ద లేకపోవడం ఉందని చెప్పానన్నమాట. అడవి వేరే, 'ఆర్బారో', చెట్ల గుంపు అని. ఈ జన్మకి మర్చిపోను.

అప్పటినుంచి పాఠాలు పక్కన పెట్టి రోజూ వంట చేసేటప్పుడు పది నిమిషాలు బయటికే మాట్లాడుకోవడం మొదలెట్టాను. ఉల్లిపాయ కోస్తున్నాను, కళ్లు మండుతున్నాయి, పప్పు ఉడకలేదు, ఇలా. మాట తెలియకపోతే ఆగకూడదు, డిక్షనరీ తీయకూడదు, అదీ నేను పెట్టుకున్న నియమం. ఒకరోజు మూకుడుకి మాట తెలీక 'ఫ్రితీలో' అన్నాను, వేయించే పనిముట్టు అని, 'ఫ్రితీ' అంటే వేయించడం, పనిముట్టుకి 'ఇలో' తగిలిస్తారు. తర్వాత గుంపులో అదే మాట వాడితే ఎవరూ కళ్లు కూడా ఆర్పలేదు, అందరికీ అర్థమైంది. అసలు మాట 'పాతో' అని ఆ పెద్దాయన తీరిగ్గా చెప్పాడు. ఈ భాషలో నాకు బాగా నచ్చింది ఇదేనమ్మా, ముక్కలు చేతిలో ఉంటే మాట మనమే కట్టుకోవచ్చు. 'మాల్' తగిలిస్తే వ్యతిరేకం, 'బోనా' మంచి, 'మాల్‌బోనా' చెడు. ఆస్పత్రిని 'మాల్‌సానూలేయో' అంటారు, ఆరోగ్యం లేనివాళ్లు ఉండే చోటు అని, ఒక్క మాటలో అంత సరుకు. పోపుకి మాత్రం ఇప్పటికీ దారి దొరకలేదు. బాగా కాగిన నూనెలో దినుసులు అని పెద్ద వాక్యం చెప్తాను, వాళ్లు మర్యాదకి తలూపుతారు.

2025 వేసవిలో ఎస్పెరాంటో వాళ్ల ప్రపంచ మహాసభ చెక్ దేశంలో బ్ర్నో అనే ఊళ్లో జరిగింది, ఇక్కణ్నుంచి రైల్లో గంటన్నర. 1905లో ఫ్రాన్స్‌లో బులోన్ అనే ఊళ్లో మొదలైన సభ అది. శని ఆదివారాలు వెళ్లొచ్చాను, ఫోటోలు తమ్ముడికి పంపాను చూడు. భోజనాల దగ్గర ఒక జపాన్ ఆవిడ, ఒక బ్రెజిల్ కుర్రాడు, నేను. మీ ఊరి గురించి చెప్పమన్నారు. నీళ్ల లారీ గురించి చెప్పాను. నీళ్లు లారీలో ఎందుకొస్తాయి అన్నారు. ఇంక చెన్నైలో 2019 ఎండాకాలం సంగతి మొత్తం చెప్పాల్సి వచ్చింది, ఊరికి నీళ్లిచ్చే చెరువులు రెడ్ హిల్స్, చెంబరంబాక్కం, పూండి, చోళవరం అన్నీ ఎండిపోవడం, జూలైలో జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైల్లో నీళ్లు రావడం. అంతా గడగడా వచ్చేసింది, ఒక్క చోట తప్ప. రైలుకి 25 లక్షల లీటర్లు అని చెప్పాలి, వీళ్లకి లక్ష లేదు! వెయ్యి తర్వాత ఒకేసారి మిలియన్. నా బుర్రేమో లక్షల్లోనే లెక్క పెడుతుంది. "నూరు వేలు... ఇరవై ఐదు సార్లు నూరు వేలు" అన్నాను, ఆ జపాన్ ఆవిడ పేపర్ నాప్కిన్ మీద సున్నాలు వేసి రెండున్నర మిలియన్ అని తేల్చింది. వాళ్లు పది వేలని ఒక ప్రమాణంగా పెట్టుకుని లెక్క పెడతారట, ఆవిడకీ మొదట్లో ఇదే గొడవట. దాని మీద ఇంకో పావుగంట మాట్లాడుకున్నాం.

రూముకి వచ్చాక గమనించాను, ఆ మొత్తం సేపట్లో ఇంగ్లీషు మధ్యలోకి రానేలేదు. 'న్' ఎన్ని చోట్ల మింగేశానో తెలీదు, ఎవరూ అడగలేదు.

అలాగని ఏదో దంచేస్తున్నానని అనుకోకు. నలుగురు ఒకేసారి మాట్లాడితే తప్పిపోతాను. జోకులు ఆలస్యంగా అర్థమవుతాయి, అందరూ నవ్వి ఊరుకున్నాక నేను నవ్వుతాను. పలకడం కూడా, చివరి నుంచి రెండో అక్షరం మీద ఎప్పుడూ బరువు వేయాలి, నేను మనలాగే అన్నిటినీ ఒకే బరువుతో లాగించేస్తానని పెద్దాయన ఫిర్యాదు. బి1 అని మధ్యస్థాయి పరీక్ష ఉంది, రాద్దామా అనుకుని మానేశాను, అత్తయ్య ఫ్రేములు గుర్తొచ్చి.

ఇంక నువ్వన్న ఊరి భాష. కూరగాయల కొట్టులో ఇప్పుడు జర్మన్లోనే అడుగుతున్నాను. నామవాచకం ముందు పెట్టే 'దెర్', 'దీ', 'దస్'లలో ఏది పడితే అది పెట్టి అడుగుతున్నాను, అతనిస్తున్నాడు. మొన్న అరకిలో టమాటాలు అడిగితే కిలో తూచాడు, అవి కూడా తెచ్చుకున్నాను, పచ్చడి చేశాను, నీది కాదు గానీ బాగానే ఉంది.

నాన్నకి బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించు, ఆయనకి వదిలేయకు. తమ్ముడు వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి సీసా రెండు కవర్లలో చుట్టి పంపు, పోయినసారి వాడి చొక్కాలన్నీ ఎర్రగా వచ్చాయి.

ఇంకో పని. వచ్చే నెల గుంపులో నేను పది నిమిషాలు మాట్లాడాలి, కాగితం చూడకుండా. నీ నీళ్ల లారీ గురించే చెప్తానని పేరిచ్చేశాను. మొదటి రోజు ఆ ముందామె నీతో ఏమంది, నువ్వు తిరిగి ఏమన్నావు? తప్పుల్తో సహా ఉన్నదున్నట్టు రాసి పంపు. ఫోన్‌లో చెప్పకు, మధ్యలో కుక్కర్ కూస్తుంది.

నీ
చిట్టి